ఎండిన కెపాసిటర్లు, అబద్ధమాడే పరికరాలు



రోగి చెప్పిన మాటను వైద్యుడు శ్రద్ధగా వింటాడు. సందేహం కలిగితే మరొకసారి అడుగుతాడు, నాడి చూస్తాడు, కడుపు తడిమి చూస్తాడు. పరికరం చెప్పిన మాటను మాత్రం చాలాసార్లు ఏమీ అడగకుండానే నమ్ముతాడు. కాగితంపై గీత పడినా, ముల్లు ఒక అంకె దగ్గర ఆగినా అదే సత్యమని భావించడం మనందరికీ అలవాటు. పరికరానికి కూడా వయస్సు ఉంటుంది, జబ్బు ఉంటుంది. పూర్తిగా ఆగిపోయిన పరికరం వలన హాని తక్కువ; దానిని పక్కన పెట్టి మరొకటి తెచ్చుకుంటాం. సగం చెడి, పనిచేస్తున్నట్లు కనిపించే పరికరం వలననే ప్రమాదం ఎక్కువ. పాత ఎలక్ట్రానిక్ పరికరాలు ఇలా సగం చెడడానికి తరచుగా కారణమయ్యేది కెపాసిటరు అనే చిన్న భాగం. దానిని గురించి, దాని వలన ఆరోగ్యానికి కలుగగల హానిని గురించి ఈ వ్యాసంలో మీతో మాట్లాడదలచుకున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత విజయనగరంలో మా ఇంటి వెనుక గదిని చిన్న మరమ్మతుల గదిగా మార్చుకున్నాను. పాత మల్టీమీటర్లు, సిగ్నల్ జనరేటర్లు, ఆసిలోస్కోపులు, ఆసుపత్రులు మూలన పడవేసిన ఇ.సి.జి. యంత్రాలు, కలరీమీటర్లు అక్కడకు చేరుతూ ఉంటాయి. ఈ విద్యను నాకు నేర్పినది ఒక వృద్ధ రేడియో మెకానిక్కు. ఆయనను నేను మేస్త్రీ గారు అని పిలిచేవాడిని. ఆయన నన్ను డాక్టరు బాబూ అనేవారు. మొదటిసారి ఒక పాత ఇ.సి.జి. యంత్రాన్ని ఆయన ముందు పెట్టినప్పుడు దానిని కాసేపు పరిశీలించి, “పూర్తిగా సచ్చిపోయినా బాగుణ్ను బాబూ, సగం బతికుండి అబద్దాలు సెప్తంది” అన్నారు. వైద్య కళాశాలలో పరికరాలను గురించి నేను విన్న పాఠాలన్నింటి కంటె ఆ ఒక్క మాట నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

కెపాసిటరు అంటే ఏమిటి?

విద్యుదావేశాన్ని కొంతసేపు నిలువ ఉంచి, అవసరమైనప్పుడు విడుదల చేసే సాధనం కెపాసిటరు. మన మెకానిక్కులు దీనిని కండెన్సరు అంటారు. మీ ఇంటి సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఎలక్ట్రీషియను వచ్చి మార్చేది దీనినే. రెండు లోహపు రేకుల మధ్య విద్యుత్తును ప్రసరింపజేయని పలుచని పొర ఒకటి ఉంటే అది కెపాసిటరు.

ఇందులో ఒక ఆసక్తికరమైన చారిత్రక విశేషం ఉంది. తొలి కెపాసిటరయిన లేడెన్ జాడీకి ఆ పేరు హాలండులోని లేడెన్ నగరం వలన వచ్చింది. 1746 ప్రాంతంలో అక్కడి ఆచార్యుడు మూషెన్‌బ్రూక్ ఆ జాడీతో ప్రయోగాలు చేస్తూ తీవ్రమైన విద్యుదాఘాతానికి గురయ్యాడు. సుమారు నూట యాభై ఏళ్ళ తరువాత, అదే లేడెన్ విశ్వవిద్యాలయంలో విల్లెమ్ ఐంథోవెన్ హృదయపు విద్యుత్తును గీతగా నమోదు చేసే పరికరాన్ని రూపొందించి 1924లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ విధంగా కెపాసిటరు, ఇ.సి.జి. రెండూ ఒకే ఊరితో ముడిపడి ఉన్నాయి.

పరికరాలలో ఎక్కువగా కనిపించే పెద్ద డబ్బా కెపాసిటరును ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు అంటారు. దాని లోపల అల్యూమినియం రేకు, ఆ రేకుపై అతి పలుచని ఆక్సైడు పొర, రసాయన ద్రవంలో తడిసిన కాగితం చుట్టలుగా చుట్టి ఉంటాయి. ఆక్సైడు పొర విద్యుత్తును అడ్డగిస్తుంది. తడి కాగితం రెండవ రేకుకు సంధానం కలుగజేస్తుంది. అంటే ఈ భాగం ప్రాణమంతా దానిలోని తడిలో ఉంది. తడి ఆరితే దాని పని క్షీణిస్తుంది.

అది ఎందుకు ఎండిపోతుంది?

మొదటి కారణం వేడి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు మన్నే కెపాసిటరు 85 డిగ్రీల వద్ద సుమారు 8,000 గంటలు, 65 డిగ్రీల వద్ద సుమారు 32,000 గంటలు మన్నుతుంది. గాలి ఆడని గదిలో, గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి ఉంచిన యంత్రం త్వరగా చెడడంలో ఆశ్చర్యం లేదు.

రెండవ కారణం వాడకుండా ఉంచడం. ఏళ్ళ తరబడి విద్యుత్తు తగలకపోతే ఆక్సైడు పొర క్రమంగా బలహీనపడుతుంది. అటువంటి యంత్రానికి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే పొర గుండా విద్యుత్తు కారి, కెపాసిటరు వేడెక్కి పగిలిపోవచ్చు. మంచాన పడి ఉన్న మనిషిని లేపి ఒక్కసారిగా పరుగెత్తించడం వంటిదే ఇది.

మూడవ కారణం తేమ. సోంపేట నుండి భోగాపురం వరకు మన తీరం పొడవునా ఉప్పు గాలి వీస్తూనే ఉంటుంది. పలుచని లోహపు పూతతో తయారయ్యే కెపాసిటర్ల లోపలికి తేమ చేరితే ఆ పూత అంచుల నుండి తినివేయబడుతుంది. కెపాసిటరు విలువ తగ్గిపోతుంది. బయటికి ఏ లోపమూ కనబడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతం చాలా రోజులు విద్యుత్తు లేకుండా గడిపింది. అటువంటి విపత్తులలో వాన నీటికి తడిసి, ఆపై జనరేటరు విద్యుత్తు హెచ్చుతగ్గులకు లోనైన పరికరాలు కొంతకాలం తరువాత ఒకటొకటిగా లోపాలు బయటపెడతాయి. అప్పటికి తుపాను సంగతి అందరూ మరచిపోతారు.

గుండెపోటు వచ్చినట్లు చూపిన యంత్రం

ఒక చిన్న ఆసుపత్రిలో జరిగిన విషయం చెబుతాను. జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే నలభై ఏళ్ళ వ్యక్తి ఛాతీలో మంటతో అక్కడకు వెళ్ళాడు. ఇ.సి.జి.లో ఎస్.టి. భాగం దిగువకు జారి కనిపించింది. గుండెకు రక్తప్రసరణ తగ్గినప్పుడు కలిగే మార్పులలో అది ఒకటి. అతడిని ఆ రాత్రే విశాఖపట్నం పంపించారు. కుటుంబం అప్పు చేసి కారు మాట్లాడుకుంది. అక్కడ తీసిన ఇ.సి.జి.లు, రక్త పరీక్షలు అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆ తరువాతి వారంలో మరో ఇద్దరికి ఆ యంత్రంపై అదే మార్పు కనిపించడంతో ఆసుపత్రి వారు దానిని నా వద్దకు పంపారు.

ఆరోగ్యవంతుడైన మా పక్కింటి యువకునికి ఆ యంత్రంతో ఇ.సి.జి. తీశాను. అతనికి కూడా ఎస్.టి. భాగం జారి ఉంది! జబ్బు మనుషులలో లేదు, యంత్రంలో ఉందని తేటతెల్లమయింది.

కారణాన్ని వివరిస్తాను. ఇ.సి.జి. యంత్రం గుండె నుండి వచ్చే మెల్లని మార్పులను కూడా నమోదు చేయాలి. అందుకు పాత యంత్రాలలో ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు జతగా ఉంటాయి. ఆ రెండింటి విలువలను గుణిస్తే వచ్చే కాలస్థిరాంకం సుమారు 3 సెకండ్లు ఉండాలి. 1 మైక్రోఫారడ్ కెపాసిటరు, 33 లక్షల ఓమ్‌ల రెసిస్టరు ఉంటే అది 3.3 సెకండ్లు అవుతుంది. ఈ యంత్రంలో ఆ కెపాసిటరు విలువ తేమ వలన పదవ వంతుకు పడిపోయింది, కాలస్థిరాంకం 0.33 సెకండుకు తగ్గిపోయింది. అప్పుడు గుండె సంకోచాన్ని సూచించే ఎత్తైన క్యూ.ఆర్.ఎస్. గీత వచ్చి వెళ్ళిన వెంటనే, గీత మామూలు స్థానానికి రాక దానికి దిగువకు దిగుతుంది. 15 మిల్లీమీటర్ల ఎత్తు, 0.08 సెకండు వెడల్పు గల క్యూ.ఆర్.ఎస్. తరువాత ఈ దిగుదల సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుందని లెక్క చెబుతుంది. ఒక మిల్లీమీటరు దిగినా వైద్యులు తీవ్రంగా పరిగణిస్తారని గుర్తుంచుకోండి.

దీనికి విపర్యయం కూడా సంభవమే. నిజంగా జబ్బు ఉన్న వ్యక్తి గీతను ఇదే లోపం మరో విధంగా మార్చి, ఉన్న మార్పును మరుగుపరచవచ్చు. మొదటి తప్పు వలన ఒక కుటుంబానికి డబ్బు ఖర్చు, ఒక రాత్రి భయం మిగులుతాయి. రెండవ తప్పుకు మూల్యం ప్రాణమే కావచ్చు.

ఈ లోపాన్ని పట్టుకోవడానికి ఏ ప్రత్యేక సాధనమూ అవసరం లేదు. పాత ఇ.సి.జి. యంత్రాలపై 1 మిల్లీవోల్టు మీట ఉంటుంది. సాధారణంగా దానిని ఒక్క క్షణం నొక్కి, గీత 10 మిల్లీమీటర్లు లేచిందని చూసి సరిపెట్టుకుంటారు. అలా కాక, కాగితం కదులుతూ ఉండగా మీటను నొక్కి పట్టి ఉంచండి. గీత 10 మిల్లీమీటర్లు లేచి, నెమ్మదిగా దిగాలి. సెకండు గడిచేసరికి, అంటే ఐదు పెద్ద గళ్ళ తరువాత, అది ఇంకా సుమారు 7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. సెకండులోపే అది అడుగుకు చేరిపోతే ఆ యంత్రం చూపే ఎస్.టి. మార్పులను నమ్మకూడదు. ఈ పరీక్షకు పట్టే కాలం ఒక నిమిషం కంటె తక్కువ.

ఉద్దానంలో ఒక అంకెకు ఉన్న విలువ

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం పేరు వినని తెలుగువారు తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దాని కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అక్కడి మనుషులకు క్రియాటినిన్ అనే మాట వైద్య పరిభాష కాదు. నిత్య జీవితంలోని మాట. “నీకెంతుంది?” అని ఒకరినొకరు అడిగేది దానినే.

క్రియాటినిన్ పరీక్షలో ఎంతోకాలంగా వాడుతున్న పద్ధతి మాక్స్ యాఫే 1886లో గుర్తించిన రసాయనిక చర్యపై ఆధారపడినది. రక్తరసంలోని క్రియాటినిన్ క్షారయుత పిక్రేటుతో కలిసి నారింజ వర్ణాన్ని ఇస్తుంది. రంగు ఎంత గాఢమో కలరీమీటరు కొలుస్తుంది. దాని లోపల ఒక దీపం, ద్రవం ఉన్న గొట్టం, కాంతిని గ్రహించే భాగం ఉంటాయి. దీపపు కాంతి స్థిరంగా ఉన్నప్పుడే ఆ కొలత సత్యం.

దీపానికి స్థిరమైన విద్యుత్తును అందించే భాగంలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఉంటుంది. అది ఎండిపోతే స్థిరత్వం పోయి, వీధిలోని వోల్టేజి తగ్గినప్పుడల్లా దీపం కాంతి కూడా తగ్గుతుంది. టంగ్‌స్టన్ దీపానికి వోల్టేజి 5 శాతం తగ్గితే కాంతి సుమారు 16 శాతం తగ్గుతుంది. కంటికి ఆ తేడా తెలియకపోవచ్చు గాని, కలరీమీటరు దానిని ద్రవంలోని రంగుగా లెక్కవేస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణానికి 0.20 చూపే కలరీమీటరులో, 1.1 క్రియాటినిన్ ఉన్న ఆరోగ్యవంతునికి 0.11 రావాలి. సున్నా సరిచేసిన తరువాత దీపం కాంతి 16 శాతం తగ్గితే ఆ అంకెకు సుమారు 0.076 చేరి 0.186 అవుతుంది. నివేదికలో 1.1కి బదులు దాదాపు 1.9 అని వస్తుంది. మూత్రపిండాలు సగం పని కోల్పోయాయేమో అని భయపెట్టగల అంకె అది. ఉద్దానంలో ఒక యువకుని చేతికి ఆ కాగితం అందితే అతని ఇంట ఆ పూట పొయ్యి వెలుగుతుందా?

నేడు పెద్ద ప్రయోగశాలలలో స్వయంచాలిత యంత్రాలు, నాణ్యతా పరీక్షలు ఉన్నాయి. చిన్న ప్రయోగశాలలలో పాత కలరీమీటరు ఇంకా ఉంటే, దానిని వెలిగించి పదిహేను నిమిషాలు ఆగండి. నీటితో సున్నా సరిచేయండి. పది నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. ముల్లు కదిలి ఉంటే మరమ్మతు జరిగే వరకు ఆ పరికరాన్ని వాడవద్దు. ప్రతి వరుసలోను ప్రమాణ ద్రావణాన్ని మొదట ఒకసారి, చివర ఒకసారి కొలవండి. రెండు అంకెలు కలవకపోతే మధ్యలోని కొలతలన్నీ మళ్ళీ చేయవలసినవే.

పాత పరికరానికి చికిత్స

పాత ఆసిలోస్కోపును నేను ఎలా బాగుచేస్తానో చెబితే ఈ పనిలోని క్రమం మీకు తెలుస్తుంది. అది కూడా రోగ పరీక్ష వంటిదే.

మొదట చూడాలి, వాసన చూడాలి. ఉబ్బిన మూత, కారిన మరక, పగిలిన పూత, చేప వంటి వాసన కెపాసిటరు రోగలక్షణాలు. ఆ తరువాత పరికరాన్ని నేరుగా విద్యుత్తుకు కలుపక, వరుసలో 60 లేక 100 వాట్ల పాత తీగ బల్బును ఉంచి కలుపుతాను. మెకానిక్కులు సిరీస్ బల్బు అనేది దీనినే. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ఆశ ఉంది. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నది, వెంటనే ఆపివేయాలి. ఈ బల్బు పరికరాన్ని కాపాడుతుందే గాని మనిషిని విద్యుదాఘాతం నుండి కాపాడదు. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు.

చాలాకాలం మూలనున్న పరికరంలోని పెద్ద కెపాసిటర్లకు, అవి ఉబ్బకుండా కారకుండా ఉంటే, పెద్ద రెసిస్టరు ద్వారా కొద్దికొద్దిగా వోల్టేజి పెంచుతూ కొన్ని గంటలు గడుపుతాను. ఆక్సైడు పొర తిరిగి ఏర్పడే కొద్దీ కారే విద్యుత్తు తగ్గుతూ వస్తుంది. తగ్గకపోతే ఆ కెపాసిటరును మార్చవలసిందే.

సాధారణ మల్టీమీటరులో కెపాసిటరు విలువ సరిగా కనిపించినా సంతోషించరాదు. ఎండుతున్న కెపాసిటరులో ముందుగా పెరిగేది దాని లోపలి నిరోధం. ఒక ఓమ్ లోపు ఉండవలసిన చోట పది, ఇరవై ఓమ్‌లు ఉండవచ్చు. దానిని ప్రత్యేకమైన మీటరుతో కొలవాలి. బరువు సరిగానే ఉండి రక్తపోటు హెచ్చిన మనిషి వంటిది ఇది. ఏది కొలవాలో తెలియకపోతే జబ్బు దొరకదు. ఆసిలోస్కోపు తెరపై నిటారైన గీతకు బదులు సెకండుకు 100 సార్లు ఊగే అల కనిపిస్తే వడపోత కెపాసిటరు చెడిందని అనుమానించాలి. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవర్తనాలది; దానిని రెండు వైపులా సరిదిద్దినప్పుడు మిగిలే అల 100.

కొత్త కెపాసిటరు విలువ పాతదానికి సమానంగా, వోల్టేజి సమానంగా లేక ఎక్కువగా, ఉష్ణోగ్రతా పరిమితి 105 డిగ్రీలుగా ఉండాలి. ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే అది పేలుతుంది. మరమ్మతు ముగిసిన తరువాత తెలిసిన ప్రమాణంతో కొలతను సరిచూడనిదే పని పూర్తి కాదు. వెలిగిన పరికరమంతా సరైన పరికరం కాదు.

ప్లగ్గు తీసినా పోని ప్రమాదం

చాలామందికి తెలియని ముఖ్య విషయమిది. ప్లగ్గు తీసివేస్తే ప్రమాదం తొలగిందనుకుంటారు. కెపాసిటరు నిలువ ఉంచిన విద్యుత్తు లోపలే ఉంటుంది. మన 230 వోల్టుల విద్యుత్తు శిఖరం వద్ద సుమారు 325 వోల్టులు ఉంటుంది. ఆ వోల్టేజికి నిండిన 220 మైక్రోఫారడ్ల కెపాసిటరులో 11 జౌళ్ళకు పైగా శక్తి ఉంటుంది. శస్త్రచికిత్సలో ఛాతీ తెరచి, లయ తప్పిన గుండెపై నేరుగా పలకలు ఉంచి ఇచ్చే షాకు ఇంచుమించు ఆ పరిమాణంలోనే ఉంటుందంటే దాని బలం ఊహించవచ్చు. 1962లో బెర్నార్డ్ లౌన్ వాడుకలోకి తెచ్చిన డి.సి. డీఫిబ్రిలేటరు కూడా కెపాసిటరును నింపి ఛాతీపై ఖాళీ చేసే యంత్రమే. ఆగబోయే గుండెను నిలబెట్టేదీ, బాగున్న గుండెను లయ తప్పించగలిగేదీ అదే శక్తి.

కాబట్టి ఏ పరికరాన్ని విప్పినా, ప్లగ్గు తీసిన తరువాత 4,700 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టరుకు రెండు ఇన్సులేషను ఉన్న తీగలు కలిపి, దాని ద్వారా కెపాసిటరును ఖాళీ చేయాలి. పై ఉదాహరణలోని కెపాసిటరుకు సుమారు 5 సెకండ్లు చాలు. ఇంకా కొంతసేపు ఉంచినా నష్టం లేదు. ఆ తరువాత మీటరుతో కొలిచి, సున్నాకు చేరువగా ఉన్నదని చూసి చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయడం అలవాటైన పద్ధతే గాని మంచిది కాదు. నిప్పురవ్వలు కంటిలో పడవచ్చు. ఖాళీ చేసిన కెపాసిటరులో కొంత వోల్టేజి తిరిగి తలెత్తే గుణం కూడా ఉన్నది. ఆసిలోస్కోపు తెర గొట్టానికి వేల వోల్టులు ఉంటాయి. మైక్రోవేవ్ ఓవెనును ఇంట్లో ఎవరూ విప్పరాదు; అందులోని కెపాసిటరు మరమ్మతు చేసేవారి ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి.

ఎర్త్ తీగను తెంచవద్దు

విద్యుత్తు లోపలికి వచ్చే చోట మరికొన్ని కెపాసిటర్లు ఉంటాయి. వీటిని ఎక్స్, వై తరగతి భద్రతా కెపాసిటర్లు అంటారు. వై తరగతివి విద్యుత్ తీగకు, లోహపు పెట్టెకు మధ్య ఉంటాయి. 4.7 నానోఫారడ్ల వై కెపాసిటరు ద్వారా 230 వోల్టుల వద్ద సుమారు 0.34 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ఎర్త్ తీగలోకి నిరంతరం పోతూ ఉంటుంది. ఎర్త్ తీగ లేకపోతే అది పెట్టెను తాకిన మనిషి ద్వారా పోతుంది. పెట్టె ముట్టుకుంటే చీమలు పాకినట్లు ఉందని మీరు అనుకునేది దీనినే.

ఆరోగ్యవంతుని చేతికి అది చిమచిమ మాత్రమే. గుండె వరకు గొట్టం లేక తీగ ఉన్న రోగికి అంతకంటె తక్కువ విద్యుత్తు కూడా ప్రాణాంతకం కావచ్చు. అందువలననే గుండెకు నేరుగా సంబంధించే పరికరాలలో రోగి ద్వారా కారే విద్యుత్తు మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం. కనుక మూడు కాళ్ళ ప్లగ్గులో పొడవైన కాలు తీసివేసి రెండు కాళ్ళ సాకెట్టులో దూర్చడం ఆసుపత్రిలో చేయకూడని పని. ఇసుక నేలలలో ఎర్త్ గొయ్యి వేసవిలో ఎండిపోతుంది. దానికి నీళ్ళు పోయించడం, ఏటా కొలిపించడం యాజమాన్యపు బాధ్యత.

భద్రతా కెపాసిటరు చెడితే ఎక్స్2, వై2 అని ముద్రించినదే వేయాలి. అదే విలువ గల మామూలు కెపాసిటరు వేయరాదు. పాత పరికరాలలో పారదర్శకమైన పూత గల కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఆ పూత బీటలు వారితే తేమను పీల్చుకొని, విద్యుత్తు ఇచ్చిన కొద్దిసేపటికి ఘాటైన పొగతో పగులుతాయి. వాటిని ముందే మార్చడం మేలు.

మరమ్మతు చేసేవారి ఆరోగ్యం

పాత పెద్ద నూనె కెపాసిటర్లలో, ముఖ్యంగా 1970ల వరకు తయారైన కొన్నింటిలో, పి.సి.బి.లు అనే క్లోరినేటెడ్ రసాయనాలు ఉండేవి. 1968లో జపానులో ఇవి బియ్యపు తవుడు నూనెలో కలిసి వేలమందిని జబ్బుపరచాయి. దానిని యూషో వ్యాధి అంటారు. ఇవి మనిషిలో క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ధారించింది. కారుతున్న పాత నూనె కెపాసిటరును వట్టి చేతులతో తాకవద్దు, పగులగొట్టవద్దు, తగులబెట్టవద్దు. కాలిస్తే అంతకంటె విషపూరితమైన డయాక్సిన్ల వంటి పదార్థాలు పుడతాయి. పాత సామాను కొనేవారికి అమ్మక, అధికారికంగా ఇ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

సోల్డరింగు చేసేవారు సీసం ఆవిరై ఊపిరితిత్తులలోకి పోతుందని భయపడతారు. సోల్డరింగు వేడిలో సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. అది వేళ్ళకు అంటి, టీ తాగేటప్పుడు, బీడీ ముట్టించేటప్పుడు నోటిలోకి పోతుంది. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవడమే దానికి మందు. పొగలో ఉండేది ప్రధానంగా రోజను. అది కొందరికి ఉబ్బసం కలిగిస్తుంది. కిటికీ తెరచి, పొగను ముఖం నుండి మళ్ళించే చిన్న ఫ్యాను పెట్టుకోవాలి. పసిపిల్లలను, గర్భవతులను ఆ గదిలో ఉంచరాదు.

చివరిగా కొన్ని మాటలు

పాత పరికరాలను బాగుచేయడం నాకు ఇష్టమైన పని. అయినా నేను బాగుచేసిన మల్టీమీటర్లు, ఆసిలోస్కోపులు నా బల్లపైన, విద్యార్థుల చేతులలో ఉంటాయి. రోగికి తగిలించే యంత్రాన్ని బాగుచేసి తిరిగి పంపవలసి వస్తే, లీకేజి కరెంటును, కొలతను అర్హులైన బయోమెడికల్ ఇంజనీరు సరిచూసి సంతకం చేసిన తరువాతనే వాడమని చెబుతాను. పైన చెప్పిన ఇ.సి.జి. యంత్రం కెపాసిటరు మార్చాక చక్కగా గీసింది. ఇప్పుడది శిక్షణ కొరకు మాత్రమే ఉపయోగపడుతున్నది.

ఇక మీకు, అంటే పరీక్షలు చేయించుకునేవారికి, నా సలహా. ఒక్క నివేదికలోని ఒక్క అంకెను చూసి కుంగిపోవద్దు, నిర్లక్ష్యం కూడా చేయవద్దు. అనుకోని ఫలితం వస్తే మరొక చోట, మరొక పరికరంపై మళ్ళీ చేయించమని అడగండి. అలా అడగడం వైద్యుని అవమానించడం కాదు. పాత ఇ.సి.జి. కాగితాలు, పాత నివేదికలు పారవేయక భద్రపరచండి; కొత్తదానితో పోల్చి చూసేందుకు అంతకంటె మంచి ఆధారం లేదు. అయితే ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే యంత్రాన్ని అనుమానిస్తూ కాలం గడపవద్దు. అటువంటప్పుడు ఇ.సి.జి. సవ్యంగా ఉందన్నా సరే, వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలసిందే. 108కి ఫోను చేయండి.

ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే యువ మిత్రులకు ఒక విన్నపం. వారానికి ఒకసారి ఇ.సి.జి. యంత్రపు మీటను నొక్కి పట్టి, ఆ కాగితం ముక్కపై తేదీ వేసి, యంత్రం పక్కనే ఒక పుస్తకంలో అంటించండి. రోగికి కేసు షీటు ఉన్నట్లే యంత్రానికి కూడా ఒక కేసు షీటు ఉండాలి. నెలలు గడిచేకొద్దీ గీత దిగే తీరు మారుతుంటే, లోపల కెపాసిటరు ఎండుతున్నదని ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.